ఈయూ విదేశాంగ మంత్రుల భేటీలో ఏం తేలిందో ఏ కాగితం చూసి చెప్పాలి?

ప్రశ్న (వార్తాపిపీలిక):
ఒకే భేటీ మీద ఒకేరోజు మూడు రకాల వార్తలు వస్తాయి. ‘ఆంక్షలకు ఓకే’ అని ఒకటి, ‘చర్చతో సరి’ అని ఇంకొకటి, ‘హంగరీ అడ్డుపుల్ల’ అని మరొకటి. వీటిలో ఏది నమ్మాలి? ‘గిమ్నిచ్’ అనే సమావేశమూ, నెలనెలా జరిగేదీ ఒకటేనా? 27 దేశాల్లో ఒక్కటి వద్దంటే నిజంగానే మొత్తం ఆగిపోతుందా?

జవాబు (మూడోఅంతస్తు):
రెండూ వేరు. నెలనెలా జరిగేది ఫారిన్ అఫైర్స్ కౌన్సిల్. మామూలుగా బ్రస్సెల్స్‌లో, ఏప్రిల్, జూన్, అక్టోబర్ నెలల్లో మాత్రం లక్సెంబర్గ్‌లో జరుగుతుంది. అధ్యక్షత హై రిప్రజెంటేటివ్‌ది (ఈయూ విదేశాంగ వ్యవహారాల అధిపతి), 2024 డిసెంబర్ నుంచి ఆ పదవిలో ఉన్నది కాయా కల్లాస్. చట్టబద్ధమైన నిర్ణయాలు తీసుకునే అధికారం ఈ కౌన్సిల్‌కే ఉంది.

గిమ్నిచ్ అంటే అదే మంత్రుల అనధికారిక భేటీ. ఆరు నెలలకోసారి, అప్పటికి ఈయూ అధ్యక్ష స్థానంలో ఉన్న దేశం ఇచ్చే ఆతిథ్యం. 1974లో జర్మనీలోని గిమ్నిచ్ కోటలో మొదటిసారి కూర్చున్నారు కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. అక్కడ తీర్మానాలుండవు, ఓటింగూ ఉండదు. మనసులో మాట బయటపెట్టుకోవడానికే ఆ ఏర్పాటు. కాబట్టి ‘గిమ్నిచ్‌లో ఆంక్షలు ఖరారు’ అని ఎక్కడైనా రాస్తే అది తప్పు. వేదిక కూడా ఒక సంకేతమే: 2024 ఆగస్టులో హంగరీ అధ్యక్షతన బుడాపెస్ట్‌లో జరగాల్సిన గిమ్నిచ్‌ను అప్పటి హై రిప్రజెంటేటివ్ బొరెల్ బ్రస్సెల్స్‌కు మార్చేశారు. హంగరీ అప్పటి ప్రధాని ఓర్బాన్ మాస్కో వెళ్లొచ్చినందుకు అది నిరసన.

ఇంకో సంగతి. మంత్రులు లోపలికి వెళ్తూ మైకుల ముందు చెప్పేవి ఎక్కువగా సొంత దేశంలోని ఓటర్ల కోసం. వాటిని ఆ దేశ వైఖరిగా రాయండి, భేటీ ఫలితంగా కాదు.

జవాబు (అధికరణ31):
వీటో సంగతి నేను చెబుతాను, ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే.

ఆంక్షలకు రెండు మెట్లున్నాయి. మొదటిది విదేశాంగ విధానానికి సంబంధించిన కౌన్సిల్ నిర్ణయం. దీనికి 27 దేశాల ఏకాభిప్రాయం కావాలి. ఆస్తుల స్తంభన, వాణిజ్య నిషేధాల్లాంటివైతే దాని మీద రెగ్యులేషన్ (ఈయూ అంతటా నేరుగా వర్తించే చట్టం) కూడా రావాలి. దీనికి అర్హత మెజారిటీ చాలు, అంటే 15 దేశాలు, ఈయూ జనాభాలో 65 శాతం. వీసా నిషేధానికి మొదటి మెట్టు సరిపోతుంది, అమలు చేసుకోవాల్సింది సభ్యదేశాలే. అంటే పట్టు పట్టాలనుకున్న దేశం ఆ పని మొదటి మెట్టు దగ్గరే చేస్తుంది.

వీటో బరువు అన్నిచోట్లా ఒకలా ఉండదు. కొత్త ఆంక్షలను అడ్డుకుంటే పాతవి పాతగానే ఉంటాయి. పొడిగింపును అడ్డుకుంటే ఉన్నవీ పోతాయి! రష్యా మీద ఆర్థిక ఆంక్షలు ఆరు నెలలకోసారి, జనవరి 31కి, జులై 31కి పొడిగించాలి. ఆంక్షలు పడిన వ్యక్తుల జాబితాకు గడువు మార్చి 15, సెప్టెంబర్ 15. బేరం ఈ తేదీల ముందే వేడెక్కుతుంది. 2025 జనవరిలో హంగరీ ఇంధన భద్రత హామీల కోసం చివరి వారం దాకా నాన్చి, 27న ఒప్పుకుంది. అదే ఏడాది మార్చిలో జాబితా నుంచి నలుగురి పేర్లు తీయించుకున్నాకే దారికొచ్చింది.

అడ్డుకునే దేశానికి అసలు ఆ విషయం మీదే పేచీ ఉండాలని లేదు. 2020లో బెలారస్ ఆంక్షలను వారాల తరబడి ఆపింది సైప్రస్. దానికి కావాల్సింది తుర్కియే మీద గట్టి మాట. మంత్రుల స్థాయిలో ముడి వీడలేదు. దేశాధినేతలు కూర్చున్నాక అక్టోబర్ 2న తేలింది.

ఒప్పుకోకుండానే ఆపకుండా ఉండే దారి కూడా ఉంది, దాన్ని నిర్మాణాత్మక గైర్హాజరు అంటారు. ఆ దేశం అధికారికంగా కారణం చెప్పి పక్కకు తప్పుకుంటుంది. నిర్ణయం తనకు వర్తించదు, కానీ ఈయూ పేరుతో సాగిపోతుంది. 2008లో కొసోవోకు పౌర మిషన్ పంపినప్పుడు సైప్రస్ చేసింది ఇదే. ఇలా తప్పుకున్నవి మూడో వంతు దేశాలై, జనాభాలోనూ మూడో వంతైతే మాత్రం నిర్ణయం వీగిపోతుంది.

వార్తాపిపీలిక:
బాగా అర్థమైంది, థాంక్సండి. మరి ‘26 దేశాల ప్రకటన’ అని వస్తుందే, అదేంటి?

జవాబు (కామా_కోసం_కొట్లాట):
27వది కలిసిరాలేదని దానర్థం. వచ్చిన కాగితానికి తలమీద పేరేముందో చూస్తే సగం కథ అక్కడే ఉంటుంది.

‘కౌన్సిల్ కన్‌క్లూజన్స్’ అని ఉంటే అందరూ ఒప్పుకున్నారు. హై రిప్రజెంటేటివ్ ‘డిక్లరేషన్’, దాని పేరులో ‘ఆన్ బిహాఫ్ ఆఫ్ ది యూరోపియన్ యూనియన్’ అని ఉన్నా అంతే, వెనక 27 దేశాలూ ఉన్నాయి. ఆ మాట లేకుండా ఉత్త ‘స్టేట్‌మెంట్’ అయితే అది హై రిప్రజెంటేటివ్ మాట, సభ్యదేశాల సంతకంగా రాయకూడదు. తెలుగులో అన్నిటినీ ‘ప్రకటన’ అనేస్తాం కాబట్టి ఈ తేడా మన దగ్గర మాయమవుతోంది. 2024 ఫిబ్రవరి 19న గాజాలో తక్షణ మానవతా విరామం కోరుతూ వచ్చింది 26 దేశాల మాట, హంగరీ చేరలేదు. దాన్ని ‘ఈయూ తీర్మానం’ అని రాసినవాళ్లది తప్పే.

ఆంక్షలైతే ఇంకా తేలిక: ఈయూ గెజిట్ అయిన అఫీషియల్ జర్నల్‌లో అచ్చయ్యాయా లేదా చూడండి. నిర్ణయం నంబరు పక్కన ‘సీఎఫ్‌ఎస్‌పీ’ (ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం) అని ఉంటుంది. మంత్రులు ‘రాజకీయ అంగీకారం కుదిరింది’ అన్నారంటే చట్టపాఠం ఇంకా రావాలి. ‘ఆంక్షలు విధించారు’ అని అప్పుడే రాసేయకండి.

జవాబు (మూడోఅంతస్తు):
ఒకటి కలుపుతాను. పాఠంలో పదాల మీద కుస్తీ ముందే ఆంక్షల పని చూసే సభ్యదేశాల కౌన్సెలర్ల దగ్గర, ఆ తర్వాత రాయబారుల కమిటీ అయిన కోరెపర్‌లో అయిపోతుంది. అక్కడ తేలినవి కౌన్సిల్ అజెండాలో ‘ఏ’ (A) అంశాలుగా వచ్చి చర్చ లేకుండా ఆమోదం పొందుతాయి. ఏ శాఖ కౌన్సిల్ కూర్చున్నా వీటిని ఆమోదించొచ్చు, అందుకే వ్యవసాయ మంత్రుల భేటీలో విదేశాంగ నిర్ణయం పాసైనా కంగారుపడక్కర్లేదు. భేటీకే రాకుండా లిఖిత విధానంలో కూడా ముగించొచ్చు. కాబట్టి సోమవారం భేటీ గురించి తెలియాలంటే అంతకుముందు వారం కోరెపర్ అజెండా చూడండి.

ఇంకోటి, స్ట్రాస్‌బర్గ్‌లోని కౌన్సిల్ ఆఫ్ యూరప్ వేరే సంస్థ. సభ్యదేశాలు 46. దాని మంత్రుల కమిటీలో కూర్చునేదీ విదేశాంగ మంత్రులే, దాంతో ఈ రెండింటినీ కలిపేసిన శీర్షికలు తరచూ కనిపిస్తాయి.