ఓక్ ద్వీపం గొయ్యి: ఎవరైనా తవ్విందా, తనంతట తాను కుంగిందా?

లంకెబిందె:

పోయిన సంక్రాంతికి జ్వరంతో మంచం మీద ఉంటే మా మేనల్లుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. కెనడాలో నోవా స్కోషియా తీరాన మహోన్ బే అనే అఖాతం, అందులో 140 ఎకరాల చిన్న దీవి, ఆ దీవిలో రెండు వందల ఏళ్లకు పైగా తవ్వుతున్న ఒక గొయ్యి. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. ఈ పిచ్చి మాత్రం మళ్లీ సంక్రాంతి వచ్చినా తగ్గలేదు. రెండు నోటు పుస్తకాలు నిండాయి. ఇంట్లో ఇప్పుడు ఎవరూ నన్ను ఖాళీగా ఉన్నావా అని అడగరు, గొయ్యిలో ఉన్నావా అని అడుగుతారు.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా: 1795లో డేనియల్ మెగిన్నిస్ అనే యువకుడు ఆ దీవిలో ఒక ఓక్ చెట్టు కింద నేల గుండ్రంగా కుంగి ఉండటం చూశాడు. ఇద్దరు స్నేహితులను తోడు తెచ్చుకుని తవ్వితే రెండు అడుగుల లోతులో పలకరాళ్లు, ఆ తర్వాత పది అడుగులకొకసారి దుంగల వరస. కొన్నేళ్లకు, 1804 ప్రాంతంలో, ఆన్‌స్లో కంపెనీ అనే నిధి వేటగాళ్ల బృందం 90 అడుగుల దాకా దిగింది. అక్కడ ఎవరికీ అర్థం కాని గుర్తులు చెక్కిన రాయి దొరికింది. ఆ వెంటనే గోతిలోకి నీళ్లు తన్నుకొచ్చి పైనుంచి 33 అడుగుల దగ్గర నిలిచాయి. ఎంత తోడినా తగ్గలేదు. నిధి దాచిన సముద్రపు దొంగలెవరో, తవ్వేవాళ్లను ముంచడానికి సముద్రం నుంచి గోతిలోకి కాలువ పెట్టి పన్నిన ఉచ్చు అది అంటారు. 1849లో వచ్చిన ట్రూరో కంపెనీ నేలకు రంధ్రం వేసే బర్మా దించితే 98 అడుగుల దగ్గర కర్ర, దాని కింద ఏవో లోహపు ముక్కలు, మళ్లీ కర్ర తగిలాయని, బర్మాకు మూడు బంగారు గొలుసు లంకెలు అంటుకుని వచ్చాయని చెబుతారు.

మా అత్తగారి ఊళ్లో పాత బావి ఒకటుంది. తాడుకు పది అడుగులకొక ముడి వేసి దించి చూశాను. నాలుగో ముడి దగ్గరే రాయి నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది. తొమ్మిది ముళ్ల లోతు, చేతి పారలతో, గంపలతో! ఊరికే ఎవరు తవ్వుతారు? ఎవరో ఏదో దాచారనే నా నమ్మకం. కాదనేవారు కారణం చెప్పండి.

బోరుబండి:

లంకెబిందె గారూ, నేను 22 ఏళ్లుగా రాయలసీమలో బోర్లు వేయిస్తున్నాను. మీరు రాసిన వాటిలో నాకు కనబడినది గొలుసు కాదు, 33 అడుగులు అనే అంకె.

ఆ దీవిలో అన్నిటికంటే ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 36 అడుగులు. గొయ్యి ఉన్నది దాదాపు ఆ ఎత్తులోనే. అంటే పైనుంచి 33 అడుగుల దగ్గర నిలిచిన నీళ్లు సముద్రంతో సమానంగా నిలిచాయి. చుట్టూ సముద్రం ఉన్న దీవిలో 90 అడుగులు తవ్వి, నీళ్లు వచ్చాయంటే అది ఎవరో పన్నిన ఉచ్చు అనడం నాకు వింతగా ఉంది. రాకపోతే ఆశ్చర్యపడాలి.

కుంగుడు సంగతి. ఆ దీవి తూర్పు భాగం అడుగున ఉన్నది సున్నపురాయి, జిప్సం జాతి రాళ్లు. నీళ్లలో మెల్లగా కరిగే రాళ్లు. అడుగున బొరియ పడుతుంది, పై మట్టి జారుతుంది, ఒక రోజు నేల గుండ్రంగా దిగిపోతుంది. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత మా కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో ఇదే జరిగింది. రాత్రి బాగున్న పొలంలో తెల్లారేసరికి బావి లాంటి గొయ్యి. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. నేను వెళ్లి చూశాను. మనిషి తవ్వలేదని తెలిసి కూడా, చూస్తుంటే తవ్వినట్టే ఉంది. అలాంటి గోతిలోకి కూలిన చెట్లు, కొట్టుకొచ్చిన కొమ్మలు పడతాయి, పైన మట్టి పడుతుంది, మళ్లీ చెట్లు పడతాయి. యాభై ఏళ్ల తర్వాత తవ్వేవాడికి అవి దుంగల వరసలు.

ఓక్ ద్వీపంలోనే 1878లో సోఫియా సెల్లర్స్ అనే ఆవిడ పొలం దున్నుతుంటే కాళ్ల కింద నేల కుంగి ఎద్దు గోతిలో పడింది. అది అసలు గొయ్యికి కూతవేటు దూరం. ఆ గొయ్యిని కూడా సముద్రపు దొంగల ఖాతాలోనే వేశారు, పాపం ఎద్దు ఏం చెప్పగలదు.

అనుమానప్పక్షి:

బోరుబండి గారు నేలను చూశారు, నేను కాగితాలను చూస్తాను.

1795లో జరిగిందన్న ఈ కథ మనకు తెలిసినంతలో అచ్చులో కనబడేది 1850ల నుంచే. అరవై ఏళ్ల పాటు నోటి మాట. ఆ కాగితాలు అచ్చయిన కాలంలోనే కొత్త కంపెనీలు వాటాలు అమ్ముకుంటున్నాయి. వాటా కొనేవాడికి చెప్పే కథలో దుంగలు పదేసి అడుగులకు సరిగ్గా వరసలు తీరవా? గొలుసు లంకెలు మూడు వచ్చాయట. ఆ మూడూ ఇప్పుడు ఎక్కడా లేవు.

రాయి సంగతి ఇంకా బాగుంటుంది. దాన్ని హాలిఫాక్స్ తీసుకెళ్లారని, ఒక పుస్తకాల బైండింగు దుకాణంలో తోలు కొట్టుకునే దిమ్మగా వాడారని, 1919లో ఆ దుకాణం మూతపడ్డాక మళ్లీ కనిపించలేదని చెబుతారు. "నలభై అడుగుల కింద ఇరవై లక్షల పౌండ్లు పాతిపెట్టి ఉన్నాయి" అనేది దాని మీది రాత అంటారు. కానీ ఇప్పుడు అందరూ చూపించే ఆ గుర్తుల బొమ్మ 1951లో వచ్చిన పుస్తకంలోది. అసలు రాయి పోయాక, ముప్పై ఏళ్లకు. ఇంతకీ దాచుకునేవాడు ఎక్కడ ఎంత దాచాడో రాతి మీద చెక్కి అక్కడే ఎందుకు పెడతాడు? మనవాళ్లు బీరువా తాళం చెవి తలుపు మీద వేలాడదీసినట్టుంది.

ఇంకొకటి. "ఎవరూ లేని దీవి" అంటారు. 1762లోనే దాన్ని నాలుగేసి ఎకరాల చొప్పున 32 ముక్కలుగా కొలిచి పంచారు. గొయ్యి కనబడేనాటికి అది ఊరివాళ్లు రాకపోకలు సాగించే భూమి.

నిధిపురుషుడు:

ఇంత చర్చ ఎందుకండీ, ఒక మంచి అంజనం వేసేవాడిని పంపితే సరిపోతుంది. ఏడుగురు చనిపోతేనే నిధి బయటపడుతుందని అక్కడ కూడా నమ్ముతారట. ఆరుగురు పోయారు, ఇంకొక్కరు.

హాలిఫాక్స్ తమ్ముడు:

నిధిపురుషుడు గారూ, ఆ ఆరుగురిలో నలుగురి గురించి చెబుతాను. మీరు సరదాకే అన్నారు. నేనుండేది ఆ దీవికి గంట ప్రయాణం దూరంలో, కాబట్టి ఈ లెక్క నాకు సరదాగా అనిపించదు.

రాబర్ట్ రెస్టాల్ అనే ఆయన సర్కస్‌ మనిషి. ఇనుప గోళంలో మోటారు సైకిలు నడిపే ఆట ఆడేవాడు. భార్యా పిల్లలతో 1959లో దీవికి వచ్చి గుడిసెలాంటి ఇంట్లో ఉంటూ తవ్వేవాడు. 1965 ఆగస్టు 17న తీరం దగ్గరి గోతిలోకి తొంగిచూస్తూ లోపల పడిపోయాడు. అడుగున విషవాయువు ఉంది. తండ్రి కోసం కొడుకు దిగాడు. వాళ్ల కోసం కార్ల్ గ్రేజర్, సిరిల్ హిల్ట్జ్ దిగారు. నలుగురూ లేవలేదు. ఇంకా దిగబోతున్నవాళ్లను ఆపి, నడుముకు తాడు కట్టించుకుని లోపలికి వెళ్లిన ఒక అగ్నిమాపక ఉద్యోగి వల్ల మరొక ప్రాణం దక్కింది. ఆయన న్యూయార్క్ రాష్ట్రం నుంచి దీవి చూడటానికి వచ్చిన సందర్శకుడు.

మన పత్రికల్లో ప్రతి వేసవిలో వచ్చే వార్తే కదా ఇది. పూడిక తీయడానికి బావిలో దిగిన తమ్ముడు, తమ్ముడి కోసం అన్న, అన్న కోసం పక్క పొలం ఆయన. మా తాతయ్య పాత బావిలోకి మనిషిని దింపే ముందు చేదకు దీపం కట్టి దించేవారు. దీపం ఆరితే ఆ రోజు ఎవరూ దిగరు. దీపానికి అందని వాయువులూ ఉంటాయి, ఆ సంగతి ఆయనకు తెలియదు. మిగతా ఇద్దరిలో ఒకరు 1861లో నీళ్లు తోడే యంత్రం బాయిలరు పేలి, మరొకరు 1897లో పైకి లాగుతుంటే తాడు జారి పోయారు. ఏ శాపమూ అక్కర్లేదు ఈ చావులకు.

దీవి సంగతి కూడా అడుగుతారు కాబట్టి: అది ప్రైవేటు భూమి. 1965లో సముద్రంలో రాళ్లు పోసి వేసిన కట్ట మీదుగా దారి ఉంది. నేను వెళ్లిన రోజు ఆ కట్ట మొదట్లోనే గేటు వేసి ఉంది. అవతల చెట్లు, ఒక పసుపు పచ్చ తవ్వకం యంత్రం తొండం కనిపించాయి. పక్కన ఒక పెద్దాయన చేపలు పడుతున్నాడు. దొరుకుతుందంటారా అని అడిగితే నేను చేపల గురించి అడిగానేమో అనుకున్నాడు.

లంకెబిందె:

తమ్ముడూ, ధన్యవాదాలు. ఆ నలుగురి పేర్లు నా పుస్తకంలో ఒక్క వరసలో రాసి వదిలేశాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బోరుబండి గారి 33 అడుగులకు జవాబు వెతికాను. ఒప్పుకోలేకపోతున్నది ఒకటే: నీళ్లు సహజమైతే 90 అడుగుల దాకా పొడిగా ఎలా తవ్వారు? మీ మాట ప్రకారం 33 దాటగానే ఊరాలి కదా.

రెండోది స్మిత్స్ కోవ్. గొయ్యికి తూర్పున చిన్న కడలి మలుపు అది. 1850లో ట్రూరో కంపెనీ అక్కడ ఇసుక తీస్తే కింద కొబ్బరి పీచు పరచి ఉంది, దాని కింద రాళ్లతో కట్టిన అయిదు కాలువలు చేతి వేళ్లలా ఒకచోట కలుస్తున్నాయి. 1970లో అక్కడే దుంగలతో చేసిన పెద్ద కట్టడం బయటపడింది. ఈ మధ్య ఆ కర్ర వలయాలు లెక్కపెట్టి 1769లో నరికిన చెట్లన్నారు. ఇవి నేల కుంగితే వచ్చేవి కావు.

బోరుబండి:

మంచి ప్రశ్న. పైన ఉన్నది గట్టి బంకమట్టి. దాని గుండా నీరు ఊరదు. మేము బోరు వేసేటప్పుడు కూడా 200 అడుగుల దాకా దుమ్మే లేస్తుంది, పొర పగిలిన క్షణంలో నీళ్లు పైకి తంతాయి. అడుగు పొర పలచబడే దాకా పొడిగానే ఉంటుంది. పలచబడ్డాక రాత్రికి రాత్రే.

స్మిత్స్ కోవ్‌లో మనుషులు ఏదో కట్టారు, కాదనను. 1769 అంటే మన అనుమానప్పక్షి గారు చెప్పిన భూముల పంపకం తర్వాత ఏడేళ్లు. పడవలు ఒడ్డుకు లాగడానికో, ఉప్పు పండించడానికో కట్టుకుని ఉంటారు. రేవులో దుంగలుంటే కొండ మీద బంగారం ఉన్నట్టా?

కోనసీమ పీచు:

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, కొబ్బరి పీచు పేరు వచ్చాక ఊరుకోలేను. మూడు తరాలుగా మాది పీచు వ్యాపారం.

పీచును సముద్రం దగ్గర పరచడం తెలియనివాళ్లు చేసే పని కాదు. మా నాన్నగారి రోజుల్లో డొక్కలను ఉప్పునీటి కాలువలో కట్టలు కట్టి, పైన బురద వేసి నెలల తరబడి ఉంచేవారు. మెత్తటిదంతా కుళ్లిపోతుంది, పీచు మిగులుతుంది. తీసేటప్పుడు కంపు భరించలేం, కానీ పోగు తెంపితే చెయ్యి కోసుకుంటుంది. ఉప్పునీళ్లలో చావని వస్తువు అది. ఇసుకను ఆపి నీటిని పోనివ్వడానికి అంతకంటే మంచి జల్లెడ లేదు.

పాత ఓడల్లో సామాను కదలకుండా పీచు కుక్కేవారు, తాళ్లకూ వాడేవారు. కాబట్టి కెనడాలో దొరకడం వింత కాదు. వింత ఎక్కడంటే, దానికి వయసు తేల్చే కర్బన పరీక్ష చేస్తే 1200–1400 ప్రాంతానిదని వచ్చింది. ఆ రోజుల్లో అట్లాంటిక్ తీరాల్లో కొబ్బరి చెట్టే లేదు. వాస్కోడిగామా మన వైపు వచ్చి వెళ్లాక పోర్చుగీసు ఓడల్లో అటు చేరింది. మరి ఆ పీచు ఏ చెట్టుది?

అనుమానప్పక్షి:

దీనికి నా దగ్గర జవాబు లేదు. పరీక్షలో పొరపాటు అనవచ్చు, అలా అనేసి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. తేదీ పీచు పుట్టినదే కానీ అక్కడ పరచినది కాదు, అంతవరకే చెప్పగలను. అయినా 300 ఏళ్ల పాత పీచును ఎవరు మోసుకొస్తారు?

నా కోపం వేరే వాళ్ల మీద. 1965 చివర్లో రాబర్ట్ డన్‌ఫీల్డ్ అనే ఆయన, తమ్ముడు చెప్పిన కట్ట వేసింది ఆయనే, 70 టన్నుల క్రేను తెచ్చి గొయ్యి ఉన్నచోటే 100 అడుగుల వెడల్పున, 134 అడుగుల లోతున తవ్వి పారేశాడు. అసలు గొయ్యి సరిగ్గా ఎక్కడుండేదో ఇప్పుడు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. దుంగలున్నాయో లేదో తేల్చాల్సిన మట్టినే తిరగేశారు. 2014 నుంచి హిస్టరీ చానెల్‌లో వస్తున్న కార్యక్రమంలో ఈ దీవిని తవ్వే అన్నదమ్ములు కూడా ముందు ఆ చోటు కోసమే బోర్ల మీద బోర్లు వేస్తున్నారు.

నిధిపురుషుడు:

హాలిఫాక్స్ తమ్ముడు గారూ, నా మాటకు క్షమించండి. ఒక సందేహం: దొరికితే ఎవరిది? మన 1878 చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి కనబడితే కలెక్టరుకు చెప్పాలి. 2017లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారులే దగ్గరుండి తవ్వించారు, ఏ నిధీ దొరకలేదనుకోండి.

హాలిఫాక్స్ తమ్ముడు:

ఇక్కడ ఓక్ ద్వీపానికే విడిగా ఒక చట్టం ఉంది, 2011 జనవరి నుంచి అమలులో ఉంది. అనుమతి తీసుకుని తవ్వినవారికి తొంభై శాతం, రాష్ట్రానికి పది శాతం. లేని నిధికి వాటాలు ముందే ఖాయం.

లంకెబిందె:

నిన్న రాత్రి రెండు పుస్తకాలూ మళ్లీ తిరగేశాను. గొయ్యి గురించి రాసుకున్న 160 పేజీల్లో, 1850 కంటే ముందు అచ్చయిన ఆధారం ఉన్న పేజీ ఒక్కటీ లేదు. బోరుబండి గారూ, గొయ్యి విషయంలో మీరే నెగ్గారు. మా అత్తగారి ఊరి బావి కూడా ఏటి మట్టానికే నిలుస్తుందట, మామయ్యగారిని అడిగితే "ఆ మాత్రం తెలియదా" అన్నారు.

స్మిత్స్ కోవ్‌ను మాత్రం వదలను. కొత్త పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో కొబ్బరి పీచు అని రాసి, కింద ఖాళీ ఉంచాను. కోనసీమ గారూ, ఉప్పునీళ్లలో పీచు ఎన్నేళ్లు ఉంటుందో మీకు తెలిసినంతలో అతి పాత లెక్క ఎంత?

కోనసీమ పీచు:

మా పాత కాలువ పూడ్చి నలభై ఏళ్లయింది. నాన్నగారు వేసిన ఆఖరి కట్టలు తీయకుండానే పూడ్చారని అమ్మ అంటుంది. ఇప్పుడు దాని మీద మా తమ్ముడి పశువుల పాక ఉంది. ఆదివారం వాడిని ఒప్పించి ఒక మూల తవ్విస్తాను.