కటింగ్ ప్లేయరా, ప్లయరా, పటకారా?

ఒక సందేహం. వైరింగ్ పనికి వచ్చిన మేస్త్రీ తన కుర్రాడితో "ఆ కటింగ్ ప్లేయర్ ఇలా ఇవ్వరా" అన్నాడు. రాసేటప్పుడు ప్లేయర్ అనాలా, ప్లయర్ అనాలా? అసలు పటకారు అంటే సరిపోదా?

జవాబు:
ప్లయర్ అన్నదే అసలు పలుకుకి దగ్గర. తెలియని మాట చెవిన పడితే తెలిసిన మాటలోకి ఒదిగిపోతుంది, ప్లేయర్ అలా వచ్చిందే. మాట్లాడేటప్పుడు పర్వాలేదు గానీ, రాస్తే ఆటగాడు గుర్తొస్తాడు. నేనైతే ప్లయర్ అనే రాస్తాను.

నాకు ముచ్చటేసేది వేరే సంగతి. రెండు దవడలున్నాయని ఇంగ్లీషులో దాన్ని ఎప్పుడూ బహువచనంలోనే ప్లయర్స్ అంటారు. మనకు కత్తెరా ఒకటే, పటకారూ ఒకటే. అందుకే ఆ చివరి ‘స్’ మన నోట నిలవలేదు. పేరు పెట్టిన తీరు కూడా చూడండి. ప్లయర్ వెనకున్న క్రియకు వంచడం అని అర్థం. పటకారుకి మరో రూపం పట్టుకారు, అందులో కనిపించేది పట్టు. వాళ్లకు వంపు కనిపించింది, మనకు పట్టు. ముందున్న ‘కటింగ్’ మూడో పనిని, అంటే కోయడాన్ని, గుర్తుచేస్తుంది.

ఇంకొకరు:
నేను ఆ పనిలో ఉన్నవాణ్నే. పటకారు అంటే నా చేతికి ఒప్పదు మాస్టారూ. అది వేడి వస్తువు పట్టుకుంటుంది, అక్కడితో సరి. ప్లయర్ కొనతో తీగ పట్టి మెలిపెడతాం, మధ్యలో పళ్లున్న గుంటతో నట్టు తిప్పుతాం, రెండు భాగాల్నీ కలిపే రివెట్ పక్కనున్న అంచుతో వైరు కోస్తాం. అక్కడే బలం ఎక్కువ కాబట్టి అంచు అక్కడ పెట్టారు. అసలు తేడా పిడి దగ్గర ఉంది. రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉంటేనే అది కరెంటు పనికని పరీక్షించిన తొడుగు. మామూలు ప్లాస్టిక్ తొడుగు చేతికి మెత్తగా ఉండటానికే, దాన్ని నమ్ముకోకండి. ముద్ర ఉన్నా ముందు మెయిన్ ఆపాల్సిందే.

అడిగినవారు:
అయితే మీ సంచిలో పటకారుకి చోటే లేదా?

పనిలో ఉన్నవారు:
ఉందండీ, ఇంగ్లీషు పేరుతో! టాంగ్ టెస్టర్ అంటాం కదా, తీగ చుట్టూ నోరు తెరిచి మూసే మీటరు. టాంగ్ అంటే పటకారే. వైరు కోయకుండానే, దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఎన్ని ఆంపియర్ల కరెంటు పోతోందో చెబుతుంది. ఒక్క వైరునే పట్టాలి. ఫేజు, న్యూట్రల్ కలిపి పడితే పోయేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. కొత్తలో మీటరు పాడైందనుకుని గంటసేపు దానితో కుస్తీ పట్టాను.

అడిగినవారు:
‘కరెంటు పటకారు’. రాసుకున్నాను.

పనిలో ఉన్నవారు:
రాసుకోండి. షాపులో మాత్రం అలా అడక్కండి, వంట సామాను పక్క వీధిలో అంటారు.