బూర్జువా: కోట పక్క ఊరివాడు

"బూర్జువా అంటే దోపిడీదారే కదా, ఇందులో చర్చేముంది?" అని ఒకరు అడిగారు. ఇప్పటి వాడుకకు అది సరిపోతుంది. కానీ ఆ మాట పుట్టినప్పుడు అందులో డబ్బూ లేదు, దోపిడీ లేదు. ఊరు ఉంది.

ఫ్రెంచిలో 'బూర్' అంటే కోటను ఆనుకుని పెరిగిన సంత ఊరు. దీనికి మూలం 'కోట' అనే అర్థమున్న జర్మానిక్ మాట 'బుర్గ్'. ఆ ఊళ్లో ఉండేవాడు బూర్జువా. పొలం దున్నే రైతు కాదు, భూములేలే ప్రభువు కాదు, మతగురువూ కాదు. దుకాణం పెట్టుకున్నవాడు, చేతిపనివాడు. వీళ్లలో కొందరికి నాలుగు డబ్బులు చేరాయి, వాటితోపాటు వెక్కిరింపులూ వచ్చాయి. 1670లో ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రాసిన నాటకంలో ఓ బట్టల వ్యాపారి కొడుకు ప్రభువులా కనిపించాలని నాట్యానికీ కత్తిసాముకూ తత్వానికీ గురువుల్ని పెట్టుకుని నవ్వులపాలవుతాడు.

1848లో మార్క్స్, ఎంగెల్స్ చేతిలో పడ్డాక 'బూర్జువాజీ' అంటే ఫ్యాక్టరీలూ పెట్టుబడీ చేతిలో ఉన్న వర్గం అయింది. మనం వినే బూర్జువా ఆ దారిలో వచ్చినవాడే. 'పెటీ బూర్జువా'లోని పెటీకి ఫ్రెంచిలో 'చిన్న' అని అర్థం. చిల్లర కొట్టు నడుపుకునేవాడన్నమాట. మనవాళ్లు మాత్రం దాన్ని 'అల్పబుద్ధి' అన్నట్టు విసురుతారు!

పౌరుడనే అర్థమున్న జర్మన్ 'బ్యుర్గర్', శ్రీలంకలో యూరోపియన్ సంతతివాళ్లను పిలిచే 'బర్గర్లు' ఈ మాటకు చుట్టాలే. మనం తినే బర్గర్ కూడా. హాంబుర్గ్ ఊరి పేరు మీద హాంబర్గర్ వచ్చింది, దాని తల తెగి బర్గర్ మిగిలింది.

తెలుగులో 'ధనిక వర్గం' అంటే ఊరు జారిపోతుంది. నాకు దగ్గరగా తోచేది 'నాగరకుడు'. కామసూత్రంలో ఇతని దినచర్యకు ఒక అధ్యాయమే ఉంది: స్నానం, తాంబూలం, చిలుకలకు మాటలు నేర్పడం, కోడిపందేలు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం గోష్ఠి. ఇతనూ కలిగిన పట్నవాసే. అయితే అక్కడ ఊరి పేరుతో పుట్టిన మాట తిట్టయింది, ఇక్కడ నగరం నుంచి 'నాగరికత' వచ్చి మెప్పయింది. పాపం, గ్రామం వంతుకు 'గ్రామ్యం' మిగిలింది.

అందుకే పాత ఫ్రెంచి కథను అనువదించేవాళ్లు ప్రతి బూర్జువానూ పెట్టుబడిదారుణ్ని చేయకండి. చాలాచోట్ల 'పట్నంలో స్థితిపరుడు' అంటే చాలు.