హాట్‌స్పాట్‌తో సరిపెట్టుకోవాలా, ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈ దేశానికి కొత్తగా వచ్చాను. ఏడాది ఒప్పందంతో అద్దె ఇల్లు దొరికింది. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. నా భార్య కూడా త్వరలో వస్తుంది. ఫోనులో అపరిమిత డేటా ఉంది కదా, దాని హాట్‌స్పాట్‌తోనే గడిచిపోతుందా? బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు రెండేళ్ల ఒప్పందం అంటున్నారు. అదే భయం.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ‘అపరిమితం’ కింద ఉన్న చిన్న అక్షరాలు చదువు. ఫోనులో ఎంత వాడుకున్నా ఊరుకునే ప్లాన్లు కూడా చాలావరకు హాట్‌స్పాట్‌కు వేరే పరిమితి పెడతాయి. అది దాటితే వేగం తగ్గిస్తారు, పేజీ తెరుచుకునేలోపు కాఫీ చల్లారుతుంది. లెక్క వేసుకో: హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ లాగుతుంది, 4కే అయితే 7 దాకా పోతుంది. ఇద్దరూ కలిసి రోజుకు రెండు గంటలు హెచ్‌డీలో చూసినా నెలకు 180 జీబీ. ఆఫీసు పని ఇంకా ఇందులో కలపనే లేదు.

ఇంకో సంగతి. ప్రకటనలో పెద్దగా కనిపించేది డౌన్‌లోడ్ వేగం. మీటింగులో నీ ముఖం, నీ మాట అవతలికి చేరాలంటే కావలసింది అప్‌లోడ్. కేబుల్ కనెక్షన్లలో డౌన్‌లోడ్ వందల్లో ఉన్నా అప్‌లోడ్ చాలా తక్కువ ఉండవచ్చు. ఫైబర్‌లో చాలా చోట్ల రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. పాత టెలిఫోను తీగ మీద వచ్చేదైతే ఎక్స్ఛేంజీకి దూరం పెరిగినకొద్దీ వేగం పడిపోతుంది. అందుకే రెండు అంకెలూ అడుగు. మరొకటి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, మెగాబైట్లు అనుకోకు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి వచ్చేది పన్నెండున్నర మెగాబైట్లే.

మరో జవాబు: పై అన్నగారి మాటలకు ఒక చేర్పు. ఏడాది ఇంటికి రెండేళ్ల ఒప్పందం చేసుకోవద్దండీ. మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల రుసుము మీ మీద పడవచ్చు. నెలనెలా మానుకునే వీలున్న ప్లాన్ ఉందేమో అడగండి, కాస్త ఎక్కువైనా నయమే. తీగ లాగడం కష్టమైతే 5జీ హోమ్ రౌటర్ అని ఒకటి ఉంటుంది. సిమ్ దాంట్లోనే ఉంటుంది, ప్లగ్ పెడితే చాలు. అయితే టవర్ ఒక్కటే, దాని మీద ఆధారపడేవారు ఎందరో. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక వేగం తగ్గుతుంది. కొన్ని కొత్త భవనాల్లో చలికి తట్టుకునేలా అద్దాల మీద పలుచని లోహపు పూత ఉంటుంది, సిగ్నల్‌ను అదే అడ్డుకుంటుంది. కిటికీ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి ఫోనులో వేగం కొలిచి చూడండి. వీధిలో నిలబడి కాదు, మీరు పనిచేసే బల్ల దగ్గర కొలవండి.

ప్రశ్న అడిగిన నేనే: కొలిచాను. కిటికీ పక్కన 80 ఎంబీపీఎస్, బల్ల దగ్గర 6. రాత్రి తొమ్మిదికి ఆ ఆరు కూడా లేదు. భవనంలోకి ఫైబర్ వచ్చిందని పక్కింటివారు చెప్పారు.

జవాబు: అయితే ఆలోచించేది ఏముంది తమ్ముడూ, ఫైబరే. ముందు ఇంటి యజమానిని అడుగు. తీగ మీ వాటాలోకి ఇప్పటికే వచ్చి ఉంటే సరే, గోడకు కొత్తగా రంధ్రం వేయాలంటే ఆయన రాతపూర్వక అనుమతి ఉండాలి. పనివాడు వచ్చేదాకా కిటికీ పక్కనే హాట్‌స్పాట్‌తో పని కానివ్వు. కనెక్షన్ వచ్చాక ఫోను ప్లాన్ చిన్నదానికి మార్చుకో. అయితే హాట్‌స్పాట్ అసలే లేని ప్లాన్‌కు పోకు, తీగ తెగిన రోజున మీటింగుకు అదే దిక్కు. రౌటర్‌ను అల్మారాలో దాచకుండా గది మధ్యలో ఎత్తుగా పెట్టు. దాని డబ్బా, అడాప్టర్ పారేయకు. ఇల్లు మారేటప్పుడు తిరిగి ఇచ్చి రసీదు తీసుకో. రసీదు లేకపోతే రౌటర్ ఖరీదు కూడా నీ బిల్లులోకే రావచ్చు.