‘గ్రూప్ ఫ్రాఁ’కి తెలుగు మాట ఏది?

ప్రశ్న: 1940 జూన్‌లో ఫ్రెంచి కావల్రీ జర్మన్ దాడికి చెదిరిపోయిన యూనిట్లలో మిగిలినవాళ్లను, చేతికందిన బళ్లను కలిపి ‘గ్రూప్ ఫ్రాఁ’లు నిలబెట్టింది. బొమ్మల యుద్ధం ఆటకు తెలుగులో కార్డులు రాస్తున్నాం. ‘స్వేచ్ఛా అశ్విక దళం’ అనవచ్చా అండీ?

జవాబు: వద్దండీ, రెండు మాటలూ దారి తప్పిస్తాయి. ‘స్వేచ్ఛా’ అంటే లండన్‌లో ఫ్రెంచి జనరల్ డిగాల్ మొదలుపెట్టిన స్వేచ్ఛా ఫ్రాన్సు గుర్తొస్తుంది. ఇక్కడ ‘ఫ్రాఁ’ అంటే మామూలు రెజిమెంటు చట్రానికి బయట విడిగా తిరిగేది. ఇక ‘అశ్విక’ అని చూస్తే ఆటగాళ్లు గుర్రాల బొమ్మలు పెడతారు. ఇవి మోటారు దళాలు. నేనైతే ‘విడిదండు’ అంటాను.

ఇంకో జవాబు: బాగుంది గానీ, కలిపి రాస్తే ‘విడిది’ తగులుతుంది. ‘విడి దండు’ అని విడదీయండి. కావల్రీ మాటను మాత్రం వదలకూడదు, అది ఏ శాఖ బలగమో చెబుతుంది. అప్పటి ఫ్రాన్సులో 1920 చట్టం ప్రకారం ట్యాంకులు పదాతిదళానివి. అందుకే కావల్రీ తన ట్యాంకులను ‘ఓటోమిత్రాయ్యూజ్’ (మెషీన్‌గన్ కవచ బండి) అని పిలుచుకుంది. సోముఆ ఎస్35 ట్యాంకు కూడా కాగితం మీద ఏఎమ్‌సీయే, అంటే పోరాటపు ఓటోమిత్రాయ్యూజే. కాబట్టి ‘కావల్రీ విడి దండు’ అనండి.

మళ్లీ ప్రశ్న: సరేనండీ. ఏఎమ్‌డీ, అంటే ‘ఓటోమిత్రాయ్యూజ్ ద డెకువెర్త్’లో ‘డెకువెర్త్’ని ‘ఆవిష్కరణ’ అని రాశాం.

జవాబు: అయ్యో, అది శాస్త్రవేత్తల మాట! ఇక్కడ శత్రువు ఎక్కడున్నాడో ముందుగా వెళ్లి చూసి రావడం. మనకు ‘వేగు’ ఉండగా వేరే మాటెందుకు? పాన్హార్ 178 కవచ కారు ‘వేగు బండి’. అందులో నలుగురు, వెనక్కి నడపడానికి రెండో డ్రైవరు. దారిలో ఫిరంగి ఎదురైతే బండి తిప్పకుండానే వెనక్కి వస్తుంది. కార్డులో ‘తిరగకుండా వెనక్కి’ అని రాయకపోతే ఈ బండికున్న అసలు బలం బల్ల మీదికి రాదు. టరెట్‌లో 25 మి.మీ. ఫిరంగి, 7.5 మి.మీ. మెషీన్‌గన్ ఉండాలి. పెద్ద గుండ్రటి టరెట్ బొమ్మ యుద్ధం తర్వాతి 178బీది, కొనేముందు చూసుకోండి.

ఇంకో జవాబు: ‘పెలోటన్’ (కొన్ని బళ్ల చిన్న జట్టు)ని ‘ప్లటూన్’ చేయకండి, అలాగే ఉంచండి. మామూలు కావల్రీ పెలోటన్ అంటే 5 బళ్లు, కానీ ఇలాంటి దండుకు 3 లేదా 4 పెడితేనే ఆ నెల పరిస్థితి కనిపిస్తుంది. ఒకటి పాన్హార్లది, ఒకటి హాచ్కిస్ హెచ్39 ట్యాంకులది, లారీల్లో తుపాకీవాళ్లు, రెండు 25 మి.మీ. ట్యాంకు నిరోధక ఫిరంగులు చాలు. హెచ్39లో ఇద్దరే మనుషులు. టరెట్‌లో ఉన్నవాడే గుండు పెట్టాలి, గురి చూడాలి, పేల్చాలి, ఆజ్ఞలివ్వాలి. రౌతు కొద్దీ గుర్రం అన్నట్టు, ఆ ఒక్కడి తీరికే ట్యాంకు శక్తి. కాబట్టి ఒక వంతులో కదలడమో పేల్చడమో ఏదో ఒకటే ఇవ్వండి.

మొదటి ఆటకు సోమ్యూర్ పట్టణం దగ్గరి పోరు తీసుకోండి. అక్కడ లువార్ నది వంతెనల దగ్గర కావల్రీ స్కూలు కేడెట్లతో పాటు కెప్టెన్ ద నషేజ్ విడి దండు కూడా పోరాడింది. వంతెన కూల్చే వంతు ఎప్పుడో ఆటకు ముందే రాసిపెట్టుకోండి, లేకపోతే జర్మన్ ఆటగాడు మొదటి రెండు వంతుల్లోనే అవతలి ఒడ్డుకు చేరిపోతాడు.