డెబ్బైల బేస్ సౌండ్ కావాలంటే గిటార్ మార్చాలా, తీగలు మార్చాలా? మీకు ఇష్టమైన బేసిస్టు ఎవరు?

లోశ్రుతి_కాకినాడ:

అందరికీ నమస్కారం. నా దగ్గర స్క్వైర్ వాళ్ల బేస్ గిటార్ ఉంది, మోడల్ పేరు జాజ్ బేస్, రెండు పికప్‌లు (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి), కొన్నప్పుడు వచ్చిన తీగలే ఇంకా ఉన్నాయి. ఎక్కువగా ఇంట్లోనే వాయించుకుంటాను, అప్పుడప్పుడు స్నేహితుల బ్యాండుతో పెళ్లిళ్లకీ కాలేజీ ఫంక్షన్లకీ వెళ్తాను. ఈ మధ్య 1970ల రికార్డులు తప్ప ఇంకేం వినబుద్ధి కావట్లేదు. మార్విన్ గే, వెదర్ రిపోర్ట్, యెస్, చిక్, బాబ్ మార్లీ, ఒకదానికొకటి సంబంధం లేని సంగీతాలే, కానీ అన్నిట్లోనూ బేస్ వెనకాల దాక్కోదు, పాటని అదే నడిపిస్తుంది.

రెండు విషయాలు అడగాలి. ఆ పదేళ్లలో మీకు బాగా నచ్చిన బేసిస్టు ఎవరు? పేరు చెప్పి వదిలేయకండి, ఎక్కడ ఏం విని నచ్చిందో కూడా చెప్పండి, నేనూ అది వింటాను. రెండోది, ఆ సౌండ్ రావాలంటే ఫెండర్ ప్రెసిషన్ బేస్ కొనాలా, మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లాంటి మోడల్ చూడాలా? డబ్బు కొంచెం కొంచెం దాస్తున్నాను. షాపుకెళ్తే అందరూ కొత్త గిటారే కొనమంటున్నారు.

పాతరికార్డులు:

నా ఓటు జేమ్స్ జేమర్సన్‌కి. ఆయన్ని అరవైల మనిషి అంటారు, నిజమే, మోటౌన్ రికార్డు కంపెనీకి ఆయన వాయించిన హిట్లలో ఎక్కువ భాగం అప్పటివే. కానీ 1971లో వచ్చిన మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ టైటిల్ పాటలో ఆయన వాయించింది వింటే ఆ పదేళ్లలో బేస్ ఎటు పోబోతోందో అక్కడే తెలిసిపోతుంది. ఒక్క బారు (తాళంలో ఒక ఆవర్తనం) కూడా అచ్చంగా మళ్లీ వాయించడు, అయినా పాట ఎక్కడా చెదరదు. మార్విన్ గే గొంతు ఆగిన చోట బేస్ మాట్లాడుతుంది, ఆయన మళ్లీ పాడేసరికి తప్పుకుంటుంది. మోటౌన్ తన వాద్యకారుల పేర్లు ఆల్బమ్ మీద వేసింది కూడా దీనితోనే మొదలు, అంతకుముందు ఏళ్ల తరబడి అమెరికా అంతా ఈయన బేస్ వింది కానీ ఈయనెవరో ఎవరికీ తెలీదు. ఇంకో సంగతి, ఆ ఆల్బమ్‌లో బేస్ అంతా ఈయనది కాదు. ‘మెర్సీ మెర్సీ మీ’, ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ వాయించింది బాబ్ బాబిట్. టైటిల్ పాట, ఆ తర్వాత ఈ రెండూ వరసగా వినండి, ఇద్దరి చేతుల్లో తేడా తెలుస్తుంది.

నేనుండేది డెట్రాయిట్ దగ్గర. వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లో మోటౌన్ వాళ్ల పాత ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల ఇంతమంది ఉన్నారు, చూసినవాళ్లు మాత్రం తక్కువ, ఇటు వస్తే తప్పకుండా వెళ్లండి. కింద ఉన్న స్టూడియో ఎ ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రికార్డింగ్‌లో బేస్‌కి పెద్ద ఆంప్ (ఆంప్లిఫయర్) కూడా లేదు, నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కి కలిపేవారు.

ఆయన గిటార్ 1962 ఫెండర్ ప్రెసిషన్. దాని మీద లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన పట్టీ చుట్టిన) తీగలు, సన్న తీగ .052 అంగుళం నుంచి లావు తీగ .110 అంగుళం దాకా, అంటే బాగా బరువైన సెట్. తెగితే తప్ప మార్చేవాడు కాదని ఆయన్ని ఎరిగినవాళ్లంతా చెప్తారు. బ్రిడ్జి (తీగలు బాడీ మీద ఆనే భాగం) మీది మూత కింద, మోత త్వరగా అణగడానికి స్పాంజి ఉండేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు, అది మొదట్లో నిలువు బేస్ వాయించినప్పటి అలవాటు. 1983లో ఆయన పోవడానికి కొద్దిముందు ఆ గిటార్‌ని ఎవరో ఎత్తుకుపోయారు.

కాబట్టి నా సలహా, గిటార్ మార్చకు. ఫ్లాట్‌వౌండ్ సెట్ ఒకటి తెప్పించుకో. నీ జాజ్ బేస్‌లో మెడవైపు పికప్ పూర్తిగా పెంచి, బ్రిడ్జివైపుది తగ్గించి, టోన్ నాబ్ సగానికి తిప్పు. ప్రెసిషన్ కాకపోయినా చాలా దగ్గరికి వస్తావు.

రౌండ్‌వౌండ్_రాజమండ్రి:

పాతరికార్డులు గారూ, జేమర్సన్ విషయంలో మీతో వాదన లేదు. కానీ డెబ్బైల సౌండ్ అంటే ఫ్లాట్‌వౌండ్ అనేస్తే ఒప్పుకోను. ఆ దశాబ్దంలో సగం రౌండ్‌వౌండ్‌ది. ఫ్లాట్ తీగకి పైన చుట్టేది చదునైన లోహపు పట్టీ, అందుకే వేలికి నున్నగా ఉంటుంది, పైస్థాయిలన్నీ వెంటనే అణిగిపోతాయి. రౌండ్ తీగకి చుట్టేది గుండ్రటి తీగే, అది పియానోలో కింది స్వరాల్లా గరగరమంటూ మోగుతుంది. ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ వాళ్లు ‘ద హూ’ బేసిస్టు జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి 1966లో ఈ తీగల మీద పనిచేశారు, ఆ తర్వాత బేస్ అంటే వేరే వాయిద్యమైపోయింది.

యెస్ బ్యాండు క్రిస్ స్క్వైర్‌ని వినండి, ‘రౌండబౌట్’, 1971. రికెన్‌బ్యాకర్, రోటోసౌండ్ తీగలు, పిక్‌తో కొట్టుడు. తక్కువ స్థాయిలో దడదడలాడుతుంది, పైన గిటార్‌తో సమానంగా కోస్తుంది, రెండూ ఒకేసారి. పాత రికెన్‌బ్యాకర్లలో బ్రిడ్జి పికప్‌కి వరసలో చిన్న కెపాసిటర్ ఉండేది, 0.0047 మైక్రోఫారడ్‌ది, అది ఆ పికప్‌లో లోతు శబ్దాలని ఆపేస్తుంది. అందుకే అంత పలచగా, పదునుగా వస్తుంది, లోతు అంతా మెడవైపు పికప్ చూసుకుంటుంది.

ఇక జాకో పస్టోరియస్. లోశ్రుతి తమ్ముడూ, నీ దగ్గరున్నది జాజ్ బేస్ కదా, మరి ఆయన్ని వదిలేసి ప్రెసిషన్ వైపు ఎందుకు చూస్తున్నావు? ఆయనదీ 1962 జాజ్ బేసే. ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు కమ్మీలు) పీకేసి, ఆ సందులు పూడ్చి, రౌండ్‌వౌండ్ తీగలు చెక్కని అరగదీయకుండా పైన పడవలకి పూసే ఎపాక్సీ పూశాడు. ఎక్కువగా బ్రిడ్జి పికప్ మీద, వేళ్లు కూడా బ్రిడ్జికి దగ్గరగా పెట్టి వాయించేవాడు. మెడ పికప్ కలిపావంటే ఆ ముక్కుతో పలికినట్టుండే గొంతు పోతుంది. 1976లో సొంత ఆల్బమ్, అదే ఏడాది జోనీ మిచెల్ ‘హెజీరా’లో నాలుగు పాటలు, 1977లో వెదర్ రిపోర్ట్ ‘హెవీ వెదర్’. వాటిలో నాకు ‘హెజీరా’యే పైన. వేగం చూపించే అవసరం లేని చోట ఆయన ఎంత ఓపికగా ఉండగలడో అందులోనే వినిపిస్తుంది. అందులోని ‘కయోటీ’ పాటలో హార్మోనిక్స్ (తీగని నొక్కకుండా తాకి తెచ్చే గంటలాంటి పైస్వరాలు) వేసే చోట నేను ఇప్పటికీ వాయించడం ఆపేసి వింటాను.

కొత్త రౌండ్‌వౌండ్ సెట్ వెయ్యి. అప్పుడు నీకేం కావాలో నీకే తెలుస్తుంది.

ఖాళీమాత్ర:

ఇద్దరూ తీగల దగ్గరే ఆగిపోయారు. నాకు నచ్చినవాళ్లలో మొదటివాడు బాబ్ మార్లీ బేసిస్టు ఆస్టన్ బారెట్, అందరూ ‘ఫ్యామిలీ మ్యాన్’ అనేవారు, 2024 ఫిబ్రవరిలో పోయారు. తమ్ముడు కార్ల్‌టన్ డ్రమ్స్. ఆ అన్నదమ్ములు వదిలేసే ఖాళీలు వినండి. మనలాంటి వాళ్లం మొదటి మాత్ర మీద పడకపోతే పాట ఆగిపోతుందేమోనని టెన్షన్ పడతాం, ఆయన చాలా చోట్ల సరిగ్గా అక్కడే మౌనంగా ఉంటాడు. అది ఏ గిటారూ ఇవ్వదు. ఆయన వాయించింది కూడా జాజ్ బేసే. ఒకే మోడల్ గిటార్, జాకో చేతిలో ఒకలా, ఫ్యామిలీ మ్యాన్ చేతిలో ఇంకోలా, లెడ్ జెపెలిన్ జాన్ పాల్ జోన్స్ చేతిలో మరోలా. లోశ్రుతీ, నీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

రెండోవాడు చిక్ బేసిస్టు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. 1979లో ‘గుడ్ టైమ్స్’. ఆ లైన్ మీదే అదే ఏడాది ‘రాపర్స్ డిలైట్’ కట్టారు, మరుసటి ఏడాది క్వీన్ వాళ్ల ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’లో జాన్ డీకన్ వాయించింది కూడా దాని పిల్లే. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. కానీ ప్రతి స్వరమూ ఎక్కడ ఆపాలో, అంటే మొదలుపెట్టడం కాదు ఆపడం, అది పట్టుబడటానికి మాత్రం చాలా కాలం పడుతుంది. ఎడమచేతి వేలు కొద్దిగా ఎత్తి తీగని మూయడం, అదంతా అక్కడ ఉంది.

స్టింగ్‌రే గురించి అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఫెండర్ కంపెనీని 1965లో సీబీఎస్‌కి అమ్మేసిన లియో ఫెండరే తర్వాత మ్యూజిక్ మ్యాన్‌లో ఇది చేశాడు, 1976లో వచ్చింది. ఒకే పెద్ద హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్), లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచి సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్. బ్రదర్స్ జాన్సన్ బ్యాండు బేసిస్టు లూయిస్ జాన్సన్ బొటనవేలితో కొట్టిన ఆ మోత కావాలంటే ఇదే కావాలి, జాజ్ బేస్‌తో అది అచ్చంగా రాదు. కానీ నువ్వు చెప్పిన లిస్టులో ఆ సౌండ్ ఒక్క చిక్ దగ్గరే దగ్గరగా ఉంది. ఒక్క దానికోసం అంత డబ్బు ఇప్పుడే వద్దు.

మన వైపు నుంచి కూడా ఒక మాట. మనలో చాలామందికి బేస్ అనేది ఒకటుందని తెలిసిందే ఇళయరాజా పాటల వల్ల, వాటిలో బేస్ వాయించిన శశిధరన్ వల్ల. అవి ఎక్కువగా ఎనభైల పాటలు కాబట్టి ఈ ప్రశ్నలోకి రావు, కానీ పాటకి ఎదురు నడిచే రెండో రాగంలా బేస్ ఉండొచ్చని నా చెవికి నేర్పింది అవే. జేమర్సన్ దగ్గరికి నేను ఆ దారిలోనే వెళ్లాను.

ట్రస్‌రాడ్:

గిటార్లు రిపేరు చేస్తాను, కాబట్టి బేసిస్టుల జోలికి పోను. తమ్ముడిది కాకినాడ అన్నాడు. సముద్రపు గాలి, తేమ. ఎండాకాలానికీ వానాకాలానికీ మెడ వంపు మారిపోతుంది. తీగలు కొనేముందు ఇది చూసుకో.

మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ బాడీలో కలిసే చోటా లావు తీగని నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడు. సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) కొంచెం బిగించాలి, అసలు లేకపోతే వదులు చెయ్యాలి. ఒకేసారి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పొద్దు, తిప్పాక ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలువు. తర్వాత పదిహేడో ఫ్రెట్ మీద లావు తీగ ఎత్తు 2.4 మిల్లీమీటర్లు, సన్నతీగ 2 దగ్గర పెట్టుకో. జాకోలా వాయించాలంటే ఇంకా కిందికి దింపొచ్చు, జేమర్సన్ తీగలు చాలా ఎత్తులో ఉండేవంటారు, గట్టిగా లాగి వాయించేవాళ్లకి ఆ ఎత్తే నయం.

ఇంకొకటి. పైన చెప్పిన .052–.110 సెట్ నీ గిటార్‌కి నేరుగా వెయ్యకు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గిటార్‌లో నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే పట్టీ) గాళ్లు సాధారణంగా .045–.105 సెట్‌కి కోసి ఉంటాయి, లావు తీగ అందులో సరిగా కూర్చోదు, శ్రుతి నిలవదు. పైగా లాగుడు పెరిగి మెడ వంగుతుంది. డాడారియో క్రోమ్స్‌లో .045–.100 ఫ్లాట్ సెట్ ఉంటుంది, కొంచెం మెరుపుగా కూడా ఉంటుంది, మొదటిసారి ఫ్లాట్స్ వేసుకునేవాళ్లకి అది సులువు.

డెబ్బైల జాజ్ బేస్ అసలుది వెతికేవాళ్లకి ఒక మాట: ఆ దశాబ్దం మొదట్లో ఫెండర్ వాళ్లు బ్రిడ్జి పికప్‌ని సుమారు 10 మిల్లీమీటర్లు బ్రిడ్జివైపు జరిపారు. మార్కస్ మిల్లర్ 1977 బేస్‌లో వినిపించే ఆ కరకరలో అది కూడా ఒక భాగం. జాకోది 1962ది కాబట్టి పాత స్థానమే. డెబ్బైల గిటార్ కొంటే జాకో సౌండ్ వస్తుందనుకుని డబ్బు పెట్టేవాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తారు.

లోశ్రుతి_కాకినాడ:

అందరికీ చాలా థ్యాంక్స్. ‘హెజీరా’ ఇప్పటిదాకా వినలేదు, రాత్రంతా అదే విన్నాను, రౌండ్‌వౌండ్ అన్నా, మీరు చెప్పింది నిజం. మెడ కొలిచాను, ఏడో ఫ్రెట్ దగ్గర సందు కళ్లకే కనిపిస్తోంది, 0.3 కన్నా బాగా ఎక్కువ. ముందు అది సరిచేసుకుంటాను. కొత్త గిటార్ ఆలోచన పక్కన పెట్టేశాను, క్రోమ్స్ ఆర్డర్ పెడుతున్నాను.

ఆంప్ గురించి ఎవరూ చెప్పలేదు? ఆంపెగ్ ఎస్‌వీటీ లాంటి పెద్ద ఆంప్ లేకుండా ఆ బరువు వస్తుందా? ఇంకా స్పాంజి ఎక్కడ, ఎంత పెట్టాలి?

పాతరికార్డులు:

ఎస్‌వీటీ 1969లో స్టేడియాల కోసం చేసింది. 300 వాట్లు, లోపల 14 ట్యూబులు, హెడ్ ఒక్కటే దాదాపు 38 కిలోలు, కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె. దాని వాల్యూమ్ పెంచితేనే దాని అందం, ఇంట్లో అది కుదరదు. నీకు కావలసిన రికార్డుల్లో కొన్నిటికి ఆంపే లేదని పైన చెప్పాను కదా. ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) లోకి నేరుగా కలిపి, మంచి హెడ్‌ఫోన్స్‌లో విను. ఫోన్ స్పీకర్‌లో మాత్రం టోన్ సరిచేసుకోవద్దు, అందులో లావు తీగ అసలు స్వరం పలకదు, పైస్వరాలే వినిపిస్తాయి.

ట్రస్‌రాడ్:

స్పాంజి బ్రిడ్జికి ఆనుకుని, నాలుగు తీగల కిందా. గిన్నెలు తోమే స్పాంజి మెత్తటి వైపు చాలు, గరుకు వైపు కోసేయ్. తీగకి తగిలీ తగలనట్టు ఉండాలి. పెట్టాక ట్యూనర్‌తో ఒకసారి పన్నెండో ఫ్రెట్ దాకా చూసుకో. శ్రుతి పైకి పోతుంటే స్పాంజి మందం ఎక్కువైందని అర్థం, కొంచెం కొంచెంగా పలచగా కోస్తూ రా. సన్నతీగ ముందే మూగబోతుంది, ఆ తీగ కిందే ఇంకాస్త ఎక్కువ తగ్గించాలి.