నొప్పి రెట్టల, డాక్టరేమో గూడ (భుజం) ఒత్తి చూసిండు.. ఎందుకట్ల?

వరంగల్_పోరడు:
మా బాపు ఏనుమాముల మార్కెట్ల హమాలి. కొన్ని రోజుల సంది కుడి రెట్ట నొస్తుందంటుండు, చెయ్యి పక్కకెళ్లి లేపుతుంటే సగం దాక బానే వస్తది నడుమ ఒక్కకాడ కలుక్కుమంటది, అది దాటి పైకి పోతే మళ్ల తక్కువైతది. రాత్రి ఆ పక్కకు ఒరిగి పండుకోలేకపోతుండు. చూపెడితే డాక్టర్ రెట్ట ముట్టనే లేదు, గూడ కాడ ఒత్తి చూసి, ఎక్స్‌రేల బొక్కలు మంచిగున్నయి, లోపం గూడలనే ఉన్నట్టుంది అన్నడు. అదెట్ల? ఎవరన్నా తెలిసినోళ్లు చెప్పుండ్రి

ఫిజియో_హన్మకొండ:
తమ్మీ డాక్టర్ కరెక్టే చూసిండు. గూడ కీలు చిన్న చెంచాల పెద్ద నిమ్మకాయ పెట్టినట్టుంటది, గుంత చిన్నది రెట్ట బొక్క తల పెద్దది. దాన్ని జారకుండ పట్టుకునేది చుట్టున్న 4 కండరాలు, రొటేటర్ కఫ్ అంటరు. అండ్ల పైది సుప్రాస్పైనేటస్, దాని టెండన్, అంటే కండరాన్ని బొక్కకు కట్టే గట్టి తాడసొంటిది, రెక్క బొక్క అంచు కిందికెళ్లి ఇరుకు సందుల నుంచి వచ్చి రెట్ట బొక్కకు అతుక్కుంటది. చెయ్యి సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్యల ఉన్నప్పుడు ఆ టెండన్ సందుల నలుగుతది, దాటినంక వదులైతది, మీ బాపు చెప్పింది అచ్చం గదే. ఎక్స్‌రేల టెండన్ కనవడదు, అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీస్తెనే తెలుస్తది.

కేఎంసీ_స్టూడెంట్:
రెట్టల ఎందుకు నొస్తదో నేను చెప్త. గూడ లోపలి భాగాలకు, రెట్ట బయటి తోలుకు ఎక్కువ మటుకు మెడల ఐదో నరం నుంచే పోగులొస్తయి, అందుకే లోపల మంటుంటే మెదడుకు రెట్ట మీద నొచ్చినట్టు అనిపిస్తది. ఇంకోటి, చెయ్యి మొత్తం 180 డిగ్రీలు లేస్తే దాంట్ల సుమారు 120 గూడ కీలుది, మిగిలిన 60 వీపు మీద రెక్క బొక్క తిరిగితే వస్తది. డిసెక్షన్ల (శవాన్ని కోసి నేర్చుకునే క్లాసుల) ఆ సందు చూసినంక నాకు అనిపించింది, రోజూ నెత్తి మీదికి బరువులెత్తేటోళ్ల గూడ గురించి మనం చాన తక్కువ మాట్లాడుకుంటం

సుబేదారి_అక్క:
నాకు షుగర్ ఉంది, నాది గిట్లనే మొదలైంది గానీ తర్వాత జడ కూడ వేసుకోరాలే, ఫ్రోజెన్ షోల్డర్ అన్నరు. ఇది కూడ అదేనా?

ఫిజియో_హన్మకొండ:
అక్కా ఫ్రోజెన్ షోల్డర్ల కీలు చుట్టున్న సంచే బిగుసుకపోతది, అందుకే వేరేటోళ్లు పట్టి లేపినా లేవది, మోచెయ్యి నడుముకానిచ్చి చెయ్యి బయటికి తిప్పుడు ముందుగాల పోతది. షుగర్ ఉన్నోళ్లకు ఎక్కువ. తమ్మీ, బాపును చెయ్యి వదులుగ పెట్టుమని నువ్వే మెల్లగ లేపి చూడు

వరంగల్_పోరడు:
ఇప్పుడే చూసిన అన్నా, నేను పట్టి లేపితే చెవి దాక పోయింది, జర నొచ్చింది అంతే. బయటికి తిరుగుతుంది కూడ

ఫిజియో_హన్మకొండ:
అయితే గూడ బిగుసుకోలే, టెండన్ మీదనే అనుమానం. లారీ మీద పై వరసకు బస్తాలు అందించుడు కొన్నాళ్లు ఆపమను, చెయ్యికి పట్టీ కట్టి మొత్తం కదపకుండ మాత్రం పెట్టొద్దు, బిగుసుకపోతది. స్కానింగ్ తీపిచ్చి ఆర్థో డాక్టర్‌కు చూపెట్టుండ్రి, ఎక్సర్‌సైజులు దాన్ని బట్టి మొదలుపెడ్తరు. నడుమల ఒక్కసారే చెయ్యి లేవకుండ అయితే టెండన్ తెగిందేమో, ఆ రోజే తీస్కపోండ్రి